కట్ పక్కన ఎవరున్నారో చూడండి

(తిరుపతిలో డిగ్రీ పిల్లలకు, వాళ్ళ వెంట వచ్చిన పెద్దవాళ్ళకు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడతా ఉందా? ఆ స్తంభం పక్కన కూర్చున్నోళ్ళకు? సరే. ఫ్యాను ఆపొద్దు, ఉండనీండి, నేనే కొంచెం గట్టిగా మాట్లాడతా.

ఈ రోజు మూడే అక్షరాల మాట ఒకటి తీసుకున్నా. సి, యు, టి. కట్. ఏంది సార్, ఇంత ఎండలో పిలిచి ఎల్‌కేజీ పిల్లోళ్ళ మాట చెప్తా ఉండారే అనుకోవద్దు. పెద్ద డిక్షనరీ ఎక్కడన్నా దొరికితే తీసి చూడండి, పెద్ద పెద్ద మాటలకు రెండు లైన్లుంటాయి, ఈ చిన్న మాటకు మాత్రం పేజీలు తిప్పాల్సిందే. ఎందుకట్లా? కోయడం అంటే సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పేదానికే వచ్చినా.

ముందు మనం వాడేవి చూద్దాం, ఇంగ్లీషు రానోళ్ళు కూడా వాడేవి. కరెంట్ కట్. ఫోన్ కట్. జీతంలో కట్. కటాఫ్ మార్కులు. షార్ట్ కట్. కట్ పీసు, కట్ బనియను, కటింగ్ ప్లేయరు. సినిమా రిలీజైతే హీరో కటౌట్, దానికి పాలాభిషేకం. సెలూన్లో కటింగు. పేకాటలో కట్ జోకరు... ఎవరు నవ్వింది? తెలుసన్నమాట, సరే, మీ నాయనకు చెప్పనులే. ఇంక మీరు కథ చెప్పేటప్పుడు అంటారే, "నేను బండి స్టార్ట్ చేసినా సార్, కట్ చేస్తే స్టేషన్లో ఉన్నా". ఆ "కట్ చేస్తే"లో కోసిందేంది? ఏమీ లేదు. మధ్యలో ఏం జరిగిందో చెప్పకుండా దాటేసినాడు, అంతే. సినిమా నుంచి వచ్చిన మాట, మన నోట్లో సామెత మాదిరి కూర్చునేసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. మనకు కట్టు అనే మాట ఉంది కదా. తాడు కట్టు, ఇల్లు కట్టు, చీర కట్టు, ఫీజు కట్టు. కలిపేది, నిలబెట్టేది. ఇంగ్లీషు కట్టేమో తెంపేది. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, చెవికి మాత్రం కవల పిల్లలు. కరెంటు బిల్లు కట్టకపోతే కరెంటు కట్. వేలు కట్ అయితే కట్టు కట్టుకుంటాం. పరాయి భాషోడు మన ఊరికొచ్చి ఇది వింటే వాడి పరిస్థితి ఆలోచించండి.

సరే, అసలు విషయం. అమ్మల్ని అడుగుతా ఉన్నా, ముందు వరసలో కూర్చున్నోళ్ళని. వంకాయని ఏం చేస్తారు? తరుగుతారు. వరిని? కోస్తారు. గుడ్డని? కత్తిరిస్తారు. దారాన్ని? తెంపుతారు. కట్టెల్ని నరుకుతారు. చెరుకుని కొడతారు, మటన్‌ని కూడా కొడతారు. పెన్సిల్ చెక్కుతారు. కరేపాకు రెబ్బని తుంచుతారు. గోళ్ళు తీసుకుంటారు. కేకు ఒక్కటే కట్ చేస్తారు, ఎందుకంటే అది ఆడనుంచి వచ్చింది కాబట్టి దాని మాట కూడా దాంతోనే వచ్చింది.

ఇన్ని మాటలు ఎందుకున్నాయి మనకి? గమనించండి, తెలుగులో బరువంతా క్రియ మోస్తా ఉంది. "తరిగింది" అన్నామనుకోండి, ఇంకేమీ చెప్పబళ్ళా, కత్తిపీట కనపడతా ఉంది, నీళ్ళ గిన్నెలో పడతా ఉన్న ముక్కలు కనపడతా ఉండాయి. "నరికినాడు" అంటే మచ్చుకత్తి కనపడతా ఉంది, ఎత్తిన చెయ్యి కనపడతా ఉంది. ఎవరు, ఏంది అని చెప్పకముందే సగం బొమ్మ గీసేస్తుంది మన క్రియ. కానీ ఒట్టి కట్ అంటే ఏం కనపడతా ఉంది? ఏమీ కనపడదు. కత్తో, కత్తెరో, గొడ్డలో, రంపమో తెలీదు. పెద్దదో చిన్నదో తెలీదు. కోసినాడో తగ్గించినాడో ఆపేసినాడో కూడా తెలీదు. తెలియాలంటే కట్ పక్కన ఎవరున్నారో చూడాల. ఈ రోజు నేను చెప్పేది ఇదొక్కటే అబ్బా, మిగతావన్నీ దీనికి ఉదాహరణలే. కట్ అంటే ఏంది అని అడగొద్దు. దేన్ని కట్, కట్ తర్వాత ఏముంది అని అడగండి.

ఏమ్మా, చెయ్యెత్తినావు? చెప్పు... ఆ, మంచి ప్రశ్న. మైకులో పడలేదు కాబట్టి నేనే చెప్తా, ఈ పాప ఏమంటా ఉందంటే ఇంగ్లీషులో కూడా చాప్, స్లైస్, ట్రిమ్, కార్వ్ అని ఉండాయి కదా సార్, మనకు మాత్రమే ఉన్నట్టు చెప్తా ఉండారే అని. ఉండాయి. చాలా ఉండాయి. ఉల్లిపాయకు చాప్, బ్రెడ్డుకు స్లైస్, గడ్డికి మో, గొర్రె బొచ్చుకు షియర్. కాకపోతే అవన్నీ పక్కన పెట్టి ఒక్క కట్‌తోనే రోజంతా గడిపేయొచ్చు ఇంగ్లీషోడు. మనం అట్లా ఒక్క "కోయి"తో గడపలేం. "పెన్సిల్ కోసినా" అంటే నవ్వుతారు.

పాప కార్వ్ అనింది కాబట్టి గుర్తొచ్చింది. ఒకప్పుడు, అంటే వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో, ఈ కట్ అనే మాటే కనపడదు. అప్పుడు కోయడానికి మామూలు మాట ఈ కార్వే, అప్పట్లో చెయోర్ఫన్ అనేవాళ్ళు. దాంతోపాటు స్నిథన్ అని ఇంకోటి. 1300 ఆ ప్రాంతం నుంచి రాతల్లో కట్ కనపడటం మొదలైంది, ఉత్తరాది స్కాండినేవియా భాషల నుంచి వచ్చి ఉంటుందని పండితులు అంటారు. ఎక్కడినుంచో వచ్చిన కట్ ఇల్లంతా ఆక్రమించేసింది. స్నిథన్ పూర్తిగా పోయింది. కార్వ్‌కి ఒక మూల గది ఇచ్చినారు, శిల్పం చెక్కేదానికి, వండిన మాంసం ముక్కలు కోసేదానికి. స్నిథన్ అన్నదమ్ములు జర్మన్‌లో ఇంకా ఉన్నారు, ష్నైడెన్ అంటే కోయడం, ష్నైడర్ అంటే దర్జీ. ఇంగ్లీషు టైలర్ కూడా అంతే, ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, కోసేవాడు అని అర్థం. అంటే మన బట్టల షాపులో కటింగ్ మాస్టర్ అని పిలుస్తామే, అదే అసలు పేరు, కుట్టేవాడు తర్వాత.

దర్జీ దగ్గరే ఇంకొక్క నిమిషం ఉందాం. "ఐయామ్ నాట్ కట్ అవుట్ ఫర్ దిస్ జాబ్" అంటారు. నేను ఈ పనికి పనికిరాను, నా ఒంటికి సరిపడదు అని. గుడ్డ పరిచి చొక్కాకని కత్తిరిస్తే అది చొక్కాకే, దాన్ని లాగి ప్యాంటు చేస్తానంటే కాదు. అక్కడినుంచి వచ్చింది.

ఇంక ఆ పక్కన నిలబడే చిన్న మాటలు. డౌన్, అప్, అవుట్, ఆఫ్, ఇన్, బ్యాక్. అక్కడే మన పిల్లలు పడిపోతారు. కట్ డౌన్ ద ట్రీ అంటే చెట్టు కొట్టేయడం, కింద పడేయడం. సరే. పడిన చెట్టుని మొద్దులుగా కోయాలంటే ఏమంటారు? కట్ అప్. ముందు డౌన్, ఆ తర్వాత అప్! చెట్టేమో పైకి లేవదు. ఇక్కడ అప్ అంటే పైకి కాదు, పూర్తిగా, ముక్కలు ముక్కలుగా అని. ఈట్ అప్ అంటామే, మొత్తం తినేయమని, ఆ అప్ ఇది.

ఇప్పుడు షుగర్ ఉన్నోళ్ళు వినండి, మీకు పనికొస్తుంది. ఇంగ్లీషు మాట్లాడే డాక్టరు "కట్ డౌన్ ఆన్ రైస్" అంటే అన్నం తగ్గించండి అని. రెండు పూటలు తినేవాళ్ళు ఒక పూట తినండి, రాత్రికి సంగటి తినండి, అంతవరకే. "కట్ అవుట్ స్వీట్స్" అంటే? తగ్గించేది కాదు, మానేయండి. ముట్టుకోవద్దు. డౌన్‌కీ అవుట్‌కీ మధ్య ఒక లడ్డు తేడా ఉంది. కొండ ప్రసాదం కదా సార్, కళ్ళకద్దుకుని చిటికెడు అంటారు, అది మీకూ స్వామికీ మధ్య విషయం, ఇంగ్లీషుకు సంబంధం లేదు.

కట్ ఆఫ్. ఇది మన ఊరోళ్ళకు బాగా తెలియాల. 2021 నవంబరు గుర్తుందా? ఎట్లా మర్చిపోతాం. ఘాట్ రోడ్ల మీద కొండచరియలు, శ్రీవారి మెట్టు దారి దెబ్బతినింది, స్వర్ణముఖి పొంగింది, ఊళ్ళోకి నీళ్ళు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించినారు. అప్పుడు ఇంగ్లీషు పేపర్లలో ఇట్లాంటివి రాసేదానికి వాడే మాట ఏంది? విలేజెస్ వర్ కట్ ఆఫ్. ఊళ్ళని ఎవురూ కోయలేదు. రాకపోకలు తెగిపోయినాయి. చూడండి, మనం కూడా "తెగిపోయినాయి" అనే అంటా ఉన్నాం. దారం తెగినట్టు దారి తెగింది. కట్ట తెగినా తెగడమే, దారి తెగినా తెగడమే, ఫోన్లో లైను తెగినా తెగడమే, సంబంధాలు తెగినా తెగడమే. అంటే ఏంది? ఇంగ్లీషోడికే ఉన్న వింత ఏమీ కాదు ఇది. కత్తితో చేసే పనిని కత్తి లేని చోటికి తీసుకుపోవడం మనకూ అలవాటే.

దీనికి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ తరుగు. వంకాయ తరుగుతాం కదా. తరుగు అంటే తగ్గడం కూడా, "తరగని ఆస్తి" అంటామే. ఇప్పుడు నగల షాపుకు పోండి. బిల్లులో ఏముంటుంది? బంగారం ఇంత, మజూరి ఇంత, తరుగు ఇంత. మండీలో కాయలు తూకం వేసినాక కూడా తరుగు అని కొంత తీస్తారు, ఇక్కడ రైతుబిడ్డలు ఉంటే మీ ఇంట్లో అడగండి, తరుగు అనే మాట వింటేనే మీ నాయన మొహం మారుతుంది. ఇంగ్లీషులో ప్రైస్ కట్, పే కట్, ట్యాక్స్ కట్ అంటే అదే కదా? కూరగాయకి వాడే మాటనే డబ్బుకు వాడినారు. మనోళ్ళూ వాడినారు. పేపరోళ్ళు అయితే కోత అంటారు, బడ్జెట్లో కోత, కరెంటు కోత. ఒకటే దారిలో నడిచినాయి రెండు భాషలు, ఒకదాన్నొకటి అడక్కుండానే. ఇంగ్లీషులో ఇంకో మెట్టు ముందుకు పోయి, అట్లా తీసుకున్న ముక్కని కూడా కట్ అనేసినారు. "వేర్ ఈజ్ మై కట్?" అంటే నా వాటా యాడ, నా కమీషను యాడ అని. ఇంగ్లీషు సినిమాల్లో దొంగలు అడుగుతా ఉంటారు.

సరే, ఇప్పుడు తల మీదికి వద్దాం. తిరుపతిలో ఉండి తల గురించి మాట్లాడకపోతే ఎట్లా? సెలూన్‌కి పోయొచ్చి "ఐ కట్ మై హెయిర్" అంటారు మన పిల్లలు. ఇంగ్లీషోడు వింటే ఏమనుకుంటాడో తెలుసా, అద్దం ముందు నిలబడి సొంతంగా కత్తిరించుకున్నావా, అందుకే ఇట్లుందా అని. ఇంకొకరితో చేయించుకుంటే "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్" అనాల, లేదా "గాట్ మై హెయిర్ కట్". తెలుగులో మనం ఈ తప్పు ఎప్పుడన్నా చేస్తామా? చెయ్యం. "కటింగ్ చేయించుకున్నా" అంటాం. ఆ "ఇంచు" చాలు, మంగలాయన వచ్చేసినాడు వాక్యంలోకి. "గుండు కొట్టించుకున్నా" అనే అంటాం గానీ "కొట్టుకున్నా" అనం. అంత శుభ్రంగా తెలుగులో తెలిసిన విషయం ఇంగ్లీషుకు పోయేసరికి ఎందుకు జారిపోతుంది? అక్కడ ఆ పని చేసేది హ్యాడ్. దూరంగా, ముందెక్కడో ఉంటుంది. వెతుక్కోవాల.

గుండు సంగతి ఇంకా ఉంది. కల్యాణకట్టలో ఆడోళ్ళు కొంతమంది మూడు కత్తెర్లు ఇస్తారు. అక్కడ జుట్టు చివర మూడుసార్లు కత్తెర పడుతుంది, అది కట్టే, అనుమానం లేదు. కానీ గుండు? బ్లేడు పెట్టి నున్నగా తీసేస్తే ఇంగ్లీషులో కట్ కాదు, షేవ్. "ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్." ఒకవేళ మీరు బయట ఊరి ఫ్రెండుకు ఫోన్ చేసి, "ఐ కట్ మై హెడ్ ఇన్ తిరుమల" అన్నారనుకోండి... నవ్వకండి, అంటారు, నేను విన్నా. అంటే నాకు తిరుమలలో తలకు దెబ్బ తగిలి తెగింది అని అర్థం. అవతలోడు "అయ్యో, ఎన్ని కుట్లు పడినాయి?" అంటాడు. వీడేమో స్వామికి తలనీలాలిచ్చి పుణ్యం సంపాదించుకుని వచ్చినాడు పాపం.

ఇంక యంత్రాల వైపు. కొన్నిటికి నిజంగానే కత్తి ఉండేది, కత్తి పోయింది, మాట మిగిలింది. సినిమా డైరెక్టరు "కట్" అంటాడు, ఎడిటరు కట్ చేస్తాడు. ఇప్పుడంతా కంప్యూటర్లో కదా. ఒకప్పుడు ఎడిటర్ చేతిలో నిజంగా ఫిల్ము ఉండేది, నిజంగా కోసి, నిజంగా అతికించేవాళ్ళు. మూకీల కాలంలో కామెడీలకు చివర్లో ఒక తరుముడు ఉండేది, ఒకడు పరిగెత్తతా ఉంటే పదిమంది వెనక పడేది, జనం దానికోసమే కూర్చునేది. అందుకే "కట్ టు ద చేజ్" అనే మాట వచ్చింది, సోది ఆపి అసలు సంగతికి రా అని. పాటల రికార్డు కూడా అంతే, "దే కట్ ఎ రికార్డ్" అంటే రికార్డు విరగ్గొట్టినారని కాదు. పాత రోజుల్లో మైనపు పలక తిరగతా ఉంటే సూది దాని మీద గాడి కోసుకుంటా పోయేది, గొంతు ఎట్లా ఊగితే గాడి అట్లా ఊగేది. ఆ గాడి కోయడమే కట్.

ఇంక మీ కంప్యూటర్లో కట్, కాపీ, పేస్ట్. పేపర్ ఆఫీసుల్లో కత్తెర, జిగురు డబ్బా పెట్టుకుని పేజీ కట్టేవాళ్ళు, ఒక పేరా కత్తిరించి ఇంకో చోట అతికించేవాళ్ళు. 1970ల్లో అమెరికాలో జిరాక్స్ కంపెనీ వాళ్ళ పాలో ఆల్టో రీసెర్చ్ సెంటర్లో లారీ టెస్లర్ అని ఒకాయన, టిమ్ మాట్ అని ఇంకొకాయన, ఆ పనినే తెర మీదికి తెచ్చినారు. టెస్లర్ 2020లో పోయినాడు. ఆయన పేరు తెలియని వాళ్ళు కూడా రోజుకు ఎన్నిసార్లు ఆయన్ని వాడుకుంటా ఉంటారో, ముఖ్యంగా ప్రాజెక్టు రికార్డులు రాసేటప్పుడు. ఎందుకు తలలు దించుకుంటా ఉండారు?

క్రికెట్ గబగబా చెప్పేస్తా. స్క్వేర్ కట్‌లో బంతిని ఎవరూ కోయరు. బ్యాటు అడ్డంగా, కత్తి విసిరినట్టు తిరుగుతుంది, బంతి ఆఫ్ సైడుకి పోతుంది. మా వయసోళ్ళకు స్క్వేర్ కట్ అంటే గుండప్ప విశ్వనాథే, ఇంకొకరి పేరు చెప్పనే చెప్పం. బౌలరు వేసే ఆఫ్ కట్టర్ వేరే, అక్కడ వేళ్ళు బంతి మీదుగా కోసినట్టు లాగుతాడు.

అన్నీ విడదీసేవే చెప్తా ఉన్నా కదా, ఒక ఎదురు ఉదాహరణ. పాడి ఉన్నోళ్ళు వినండి. పాలల్లో నీళ్ళు కలిపితే ఇంగ్లీషులో అది కూడా కట్టే! "కట్ ద మిల్క్ విత్ వాటర్" అనొచ్చు. కలపడాన్ని కట్ అంటారా సార్ అని అడుగుతారు. కలిపేది నీళ్ళు, కానీ కోసుకుపోయేది చిక్కదనం. పక్కన విత్ వాటర్ ఉందో లేదో చూసుకోండి, అది లేకుంటే అర్థం మారిపోతుంది. మళ్ళీ పక్కనోడి దగ్గరికే వచ్చినాం.

మనుషుల్ని కూడా కట్ చేస్తారు. "షి కట్ మి డెడ్" అంటే నన్ను నరికి చంపిందని కాదు నాయనా, భయపడొద్దు. ఎదురుగా వచ్చి, చూసి కూడా చూడనట్టు పోయింది అని. మనం మొహం తిప్పుకుని పోయింది అంటాం. ఇంగ్లీషులో అదొక హత్య.

ఇంకోటి, ఇది నా సొంత ఊహ, పుస్తకంలో చూసింది కాదు. పెద్దోళ్ళు గొప్పలు చెప్పేవాణ్ణి కోతలు కోస్తా ఉండాడు అంటారు, కోతలరాయుడు అంటారు. ఇప్పటి పిల్లలేమంటారు? "కటింగ్ ఇస్తా ఉండాడు మచ్చా". ఆ రెండూ ఒకటే కదా! కోతనే తీసుకుపోయి ఇంగ్లీషు చొక్కా తొడిగి తెచ్చినట్టుంది. ఇంగ్లీషోడికి ఈ అర్థం తెలీదు, వాడి డిక్షనరీలో లేదు. "హి ఈజ్ గివింగ్ కటింగ్" అని లండన్లో అంటే మొక్క కొమ్మలు పంచుతా ఉండాడేమో అనుకుంటారు, ఎందుకంటే అక్కడ కటింగ్ అంటే నాటేదానికి తీసిన కొమ్మ. గులాబీ కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చుతారే, అది.

సరే, టైం అయిపోతా ఉంది. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటా. ఆ నీలం చొక్కా అబ్బాయి... ఏంది? ఆ. కట్‌కి పాస్ట్ టెన్స్ కట్టెడ్ అనకూడదా, ఎందుకు అన్నీ కట్, కట్, కట్ అనే ఉంటాయి అంటా ఉండాడు. అనకూడదు. కారణం చెప్తా, బట్టీ పట్టడం కంటే కారణం తెలిస్తే నిలుస్తుంది. పాత రోజుల్లో దీని పాస్ట్ టెన్సు కట్టె మాదిరి పలికేది, చివర చిన్న అచ్చు ఉండేది. మాట చివరే ట కారం ఉంది, పాస్ట్ టెన్సుకు చేర్చేది కూడా ట కారమే, రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి. తర్వాత కాలంలో ఆ చివరి అచ్చు కూడా రాలిపోయింది, కట్ మిగిలింది. అందుకే ఈ గుంపులో చాలావాటికి చివర ట ఉంటుంది చూడండి. పుట్, హిట్, సెట్, లెట్, షట్, హర్ట్, కాస్ట్. వీటన్నిటికీ మూడు రూపాలూ ఒకటే.

మరి "హి కట్ ద కేక్" అంటే ఇప్పుడా, నిన్ననా అని ఎట్లా తెలుస్తుంది? ఇప్పటి సంగతైతే హి కట్స్ అని ఎస్ రావాల కదా, రాలేదు కాబట్టి నిన్నటిదే. ఐ కట్ అంటే మాత్రం తెలీదు, పక్కన ఎస్టర్డేనో ఎవ్రీడేనో ఉండాల. రీడ్ కూడా ఇంతేనా సార్ అని ఎవరో అంటా ఉండారు. కాదు, అది రాసేదానికే ఒకటి, పలికేటప్పుడు రీడ్, రెడ్, రెడ్. దాని కథ వేరే, ఇంకో రోజు చెప్పుకుందాం.